పార కర్రతో కొడితే అది చిన్న కేసా?

ప్రశ్న: అయ్యా, మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్ వైపు ఒక పల్లె. పేరూ ఊరూ వేయొద్దు. మా పొలానికీ మా ఆయన దాయాదుల పొలానికీ మధ్య గట్టు తగాదా చాన్నాళ్లుగా ఉంది. మొన్న కోతలప్పుడు మాటా మాటా పెరిగింది. ముందు మా ఆయనే చేత్తో తోసిన మాట నిజం. అంతే, వరసకి అన్న అయ్యే ఆయన పార తిరగేసి కర్రతో మా ఆయన ఎడమ చేతి మీద కొట్టాడు. ఆయన కొడుకు చెంప మీద రెండు వేశాడు. అడ్డం వెళ్తే నాకు తోడికోడలు వరస అయ్యే ఆవిడ నా జుట్టు పట్టుకుని ఈడ్చింది. వాళ్ల బావమరిది కొడవలి ఎత్తి "నరికేస్తాను" అంటూ మీదికొచ్చాడు, పక్క చేలోవాళ్లు పట్టుకున్నారు. సాయంత్రం ఠాణాకి వెళ్తే, చెయ్యి వాచింది తప్ప ఏముంది, చిన్న కేసు, కోర్టుకి వెళ్లండి అని పుస్తకంలో రాసుకుని పంపేశారు. మూడో రోజుకీ నొప్పి తగ్గక పాతపట్నంలో ఎక్స్‌రే తీయిస్తే ముంజేతి ఎముక చిట్లిందన్నారు, కట్టు వేశారు. ఇప్పుడు మేమే కొట్టామని వాళ్లు ఎదురు ఫిర్యాదు ఇచ్చారట. వకీలు గుమస్తా ఏమో 307, అంటే హత్యాయత్నం కేసు, పెట్టిస్తే గాని దారికి రారంటున్నాడు. ఊరి పెద్దలు రాజీ అంటున్నారు. ఆంధ్రాలో తీసిన ఎక్స్‌రే ఇక్కడ చెల్లదని ఒకరన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మాది నిజంగా చిన్న కేసేనా?

సమాధానం: అమ్మా, మీ కేసు ఠాణాలో చెప్పినంత చిన్నది కాదు. గుమస్తా చెప్పినంత పెద్దదీ కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి చెవిన పడితే ఎవరికైనా నిద్ర పట్టదు.

ముందుగా ఒక సంగతి. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు పాత ఐపీసీ వర్తించదు, భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. జనం నోట్లో ఇంకా 307, 324, 326 అనే నంబర్లే నలుగుతున్నాయి, కోర్టు వరండాల్లో కూడా అంతే. మీ కాగితాల మీద మాత్రం కొత్త నంబర్లు పడతాయి కాబట్టి నేను కొత్తవే చెబుతాను. ఇంకో మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయినప్పుడు మీ జిల్లా కేంద్రం పర్లాకిమిడి ఒడిశాలో, పాతపట్నం ఆంధ్రా వైపు పడ్డాయి గాని, కొట్లాట కేసులకు రెండు వైపులా ఉన్న చట్టం ఒక్కటే. అది కేంద్రం చేసినది. పర్లాకిమిడిలో తీవ్ర గాయం అయినది పాతపట్నంలో స్వల్ప గాయం అయిపోదు.

పొలంలో జరిగినదంతా మీకు ఒకే గొడవ. చట్టం దాన్ని అలా చూడదు. ఎవరు ఏం చేశారు, దేంతో చేశారు, దానివల్ల ఒంటికి ఏమైంది, చేసేటప్పుడు మనసులో ఏముంది అని మనిషి మనిషికీ విడదీస్తుంది. ఎంత రక్తం కారింది, ఎంతమంది ఏడ్చారు అన్నది అందులో లెక్కకు రాదు. నుదురు పగిలి చొక్కా మొత్తం తడిసినా, కుట్లు పడి మానిపోతే అది సాధారణ గాయమే కావచ్చు. చుక్క రక్తం కారకుండా లోపల ఎముక చిట్లితే తీవ్ర గాయం.

మీకు ఎక్కువ భయం వేసింది కొడవలి దగ్గర. అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ మనిషి చెయ్యి మీ ఎవరి ఒంటి మీదా పడలేదు. అయినా అది నేరమే. కొట్టబోతున్నాడు అని ఎదుటివాడికి అనిపించేలా చెయ్యి ఎత్తినా, ఆయుధం ఎత్తినా, దానికి సిద్ధపడినా న్యాయ సంహిత 130వ సెక్షన్ ప్రకారం దాడి అవుతుంది. చట్టంలోనే ఉదాహరణలు ఇచ్చారు: పిడికిలి బిగించి ఎదుటివాడి మీదికి ఊపడం, కరిచే కుక్క మూతికి కట్టిన కట్టు విప్పబోవడం, కర్ర అందుకుని "నిన్ను బాదుతాను" అనడం. ఉత్తి మాటలు దాడి కావు గాని, మాటను బట్టి ఆ చేష్టకు అర్థం మారుతుంది. దీనికి 131వ సెక్షన్ ప్రకారం శిక్ష మూడు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంతేనా అనుకోకండి. "నరికేస్తాను" అన్న మాట బెదిరింపు నేరం కింద, 351వ సెక్షన్‌లోకి, విడిగా వెళ్తుంది. చంపుతానని గాని తీవ్రంగా గాయపరుస్తానని గాని బెదిరిస్తే ఏడేళ్ల వరకు శిక్ష వేయవచ్చు. కోపంలో నోటికొచ్చిన మాట అని కోర్టులు చాలా కేసుల్లో దీన్ని పక్కన పెడుతుంటాయి. ఇక్కడ ఎత్తిన కొడవలి ఉంది, పట్టుకుని ఆపిన మనుషులు ఉన్నారు, అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు. ఆ పక్క చేలోవాళ్లే మీకు ముఖ్యమైన సాక్షులు. వాళ్లు రేపు రెండు వైపులా మొహమాటపడతారు, కాబట్టి ఎవరెవరు అక్కడ ఉన్నారో పేర్లు ఫిర్యాదులో ఇప్పుడే రాయండి.

మీ గుమస్తా 307 అన్నది బహుశా ఈ కొడవలిని చూసే. గుమస్తాల మాట నేను తీసిపారేయను, కోర్టులో ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో చాలామంది వకీళ్ల కంటే వాళ్లకే బాగా తెలుసు. కానీ హత్యాయత్నం, అంటే ఇప్పటి 109, నిలబడాలంటే చంపాలన్న ఉద్దేశం గాని, ఈ పని చేస్తే మనిషి పోతాడన్న ఎరుక గాని ఉండి, ఆ దిశగా ఒక పని జరిగి ఉండాలి. గాయం తగలాలన్న నియమం లేదు. మెడ మీదికి కొడవలి విసిరి గురి తప్పినా హత్యాయత్నమే. మరి మీ దగ్గర ఆయన విసిరాడా? ఎత్తి మీదికొస్తుంటే పట్టుకున్నారా? మీరు రాసింది రెండోదే. అందరూ నిలబడి చూస్తున్న చేలో ఎత్తిన కొడవలిని కోర్టు ముందు చంపబోయినట్టు నిరూపించడం చాలా కష్టం. ఇక పార కర్రతో ముంజేతి మీద పడిన దెబ్బ అయితే అసలు ఆ దారిలోకే రాదు. తల మీద అదే కర్రతో రెండు మూడు సార్లు కొట్టి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది.

పెద్ద సెక్షన్ పెట్టిస్తే అవతలివాళ్లు భయపడి దిగొస్తారు అన్నది పల్లెల్లో పాత లెక్క. దానికయ్యే ఖర్చు ఎవరూ చెప్పరు. హత్యాయత్నం కేసు సెషన్స్ కోర్టులో నడుస్తుంది, అంటే ఏళ్ల తరబడి పెద్ద కోర్టు చుట్టూ తిరగాలి. దాన్ని నిలబెట్టడానికి జరగనిది కూడా జరిగినట్టు ఫిర్యాదులో చేర్చాలి. అక్కడ చిన్న అబద్ధం బయటపడితే ఎముక విరిగిన నిజాన్ని కూడా జడ్జి అనుమానంగా చూస్తారు. కావాలని తప్పుడు ఆరోపణ చేస్తే అది మళ్లీ వేరే నేరం, మీ మీదే. మీ చేతిలో ఉన్న నిజమైన కేసు బలమైనది, దాన్ని పాడు చేసుకోకండి.

చెంపదెబ్బల సంగతి త్వరగా తేలిపోతుంది. ఒంటికి నొప్పి, జబ్బు లేదా నలత కలిగించడం గాయపరచడం కిందికి వస్తుంది. 115వ సెక్షన్, ఏడాది వరకు జైలు లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కోర్టుల్లో దీన్నే సింపుల్ హర్ట్ అంటారు. మచ్చ పడాలనీ రక్తం రావాలనీ లేదు, నొప్పి చాలు. మీ జుట్టు పట్టి ఈడ్చినది కూడా ఇందులోకే వస్తుంది. ఆ పని మీ మర్యాదకు భంగం కలిగించాలనే ఉద్దేశంతో చేసి ఉంటే 74వ సెక్షన్ చూడాల్సి వచ్చేది, దానికి కనీసం ఏడాది, గరిష్ఠంగా ఐదేళ్లు. ఇక్కడ ఆ ప్రశ్న లేదు.

సింపుల్ హర్ట్ నాన్ కాగ్నిజబుల్ నేరం. అంటే మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు. సమాచారం పుస్తకంలో రాసుకుని, మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమని పంపాలి. ఆ సాయంత్రం మీ ఠాణాలో చేసింది అదే. చెయ్యి అంత వాచి ఉంటే ఎక్స్‌రే దాకా ఆగకుండా తీర్పు చెప్పేయడం నాకు నచ్చలేదు. వెంటనే కాగితం రాసిచ్చి ప్రభుత్వ ఆసుపత్రికి పంపి ఉండాల్సింది. అయినా వాళ్లు పుస్తకంలో రాసిన ఆ నాలుగు ముక్కల మీద కోపం పెట్టుకోకండి. అది మీకు ఎంత పనికొస్తుందో కాస్త ఆగి చెబుతాను.

అసలు విషయం ఎముక. తీవ్ర గాయం అంటే ఏమిటో 116వ సెక్షన్ ఎనిమిది రకాలుగా లెక్కపెట్టి చెప్పింది, ఆ లెక్కలో లేనిది ఎంత పెద్దగా కనిపించినా తీవ్ర గాయం కాదు. పుంసత్వం పోగొట్టడం, ఒక కంటి చూపు గాని ఒక చెవి వినికిడి గాని శాశ్వతంగా పోవడం, ఏదైనా అవయవం లేదా కీలు పోవడం, పోకపోయినా దాని శక్తి శాశ్వతంగా దెబ్బతినడం, తల లేదా ముఖం శాశ్వతంగా వికారం కావడం, ఎముక గాని పన్ను గాని విరగడం లేదా స్థానం తప్పడం. ఎనిమిదోది, ప్రాణానికి ముప్పు తెచ్చిన గాయం, లేదా 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉంచినది, లేదా అన్ని రోజులూ మామూలు పనులు చేసుకోలేకుండా చేసినది. పాత చట్టంలో ఇది 20 రోజులు ఉండేది. మీ వకీలు 20 అంటే పాత పుస్తకం చూస్తున్నట్టు.

పన్ను కూడా ఇందులో ఉందని చాలామందికి తెలియదు. కొట్లాటలో ఒక పన్ను ఊడితే, నోరు కడుక్కుని ఇంటికొచ్చేసి, వీపు మీద కమిలిన చోటు మాత్రం అందరికీ చూపిస్తారు. చట్టం దృష్టిలో ఆ కమిలినది స్వల్పం, ఊడిన పన్ను తీవ్రం.

మీ ఆయనకు ఎముక పూర్తిగా విరగలేదు, చిట్లింది అన్నారు కదా, అది లెక్కకు వస్తుందా అన్న సందేహం అవతలి వకీలు తప్పకుండా లేవదీస్తాడు. దీనికి జవాబు సుప్రీంకోర్టు హోరీలాల్ కేసులో ఎప్పుడో ఇచ్చింది. ఎముక ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగిపోనక్కర్లేదు, పగులు వచ్చినా, చీలిక వచ్చినా, ముక్క లేచినా విరిగినట్టే. కాబట్టి ఎక్స్‌రేలో పగులు స్పష్టంగా ఉంటే 15 రోజుల లెక్క కూడా మీకు అవసరం లేదు. అయినా కట్టు విప్పే దాకా ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ చీటీ దాచండి. ఫిల్మ్ మీద పగులు సరిగా కనిపించడం లేదని రేపు ఒక డాక్టరు అంటే, చేతికి కట్టుతో ఎన్ని రోజులు పొలం పని చేయలేకపోయాడో ఆ చీటీలే చెబుతాయి.

తీవ్ర గాయానికి 117వ సెక్షన్‌లో ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. ఇది కాగ్నిజబుల్, పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టి తీరాలి. గాయం తీవ్రమైనది అయితే చాలదు, కొట్టినవాడికి ఆ ఉద్దేశం గాని, అంత గాయం అవుతుందన్న ఎరుక గాని ఉండాలి. పార కర్ర పెళుసు పుల్ల కాదు, రెండు చేతులా పట్టి ముంజేతి మీద వేస్తే ఎముక మీద ఏం పడుతుందో రైతుకు తెలియదని ఎవరూ అనలేరు. అవతలివాళ్లు తోపులాటలో కింద పడితే విరిగింది అంటారు. అందుకే ఎవరు, ఎక్కడ నిలబడి, దేంతో, ఎన్నిసార్లు కొట్టారన్నది ఫిర్యాదులో తెలియాలి.

ఆయుధం సంగతి ఇక్కడ వస్తుంది. కాల్చే, పొడిచే, నరికే ఆయుధంతో గాని, వాడితే మనిషి చచ్చిపోగల వస్తువుతో గాని, నిప్పుతో, విషంతో, ఒంటిని తినేసే రసాయనంతో గాని గాయపరిస్తే 118వ సెక్షన్. స్వల్ప గాయమైనా మూడేళ్ల వరకు. తీవ్ర గాయమైతే కనీసం ఏడాది, పదేళ్ల దాకా, యావజ్జీవం కూడా వేయవచ్చు. పార అంచుతో కొట్టి ఉంటే నేను సందేహించకుండా 118 అనేవాణ్ని. కర్రతో అయితే అది ఎంత లావు, ఎంత పొడవు, ఎక్కడ తగిలింది అన్న దాన్ని బట్టి కోర్టు తేల్చాలి. కర్ర ప్రతిసారీ మారణాయుధం కాదు, ప్రతిసారీ కాకుండానూ పోదు. సుప్రీంకోర్టు ఒక కేసులో వేలు కొరికి తెంపినా మనిషి పళ్లు మారణాయుధం కావని చెప్పి, పెద్ద సెక్షన్ నుంచి మామూలు తీవ్ర గాయం సెక్షన్‌కి దించింది. కాబట్టి 117 కచ్చితంగా అడగండి, 118 అయితే బాగుంటుందని వకీలు వాదించవచ్చు. ఆ పార ఎవరి దగ్గరుందో పోలీసులకు చెప్పండి, దాన్ని స్వాధీనం చేసుకోమనండి.

మరి నలుగురు తలో పనీ చేశారు కదా, చెంప మీద కొట్టిన కొడుక్కి ఎముక విరిగిన నేరం కూడా వర్తిస్తుందా? నలుగురూ ఒకే ఉద్దేశంతో కలిసి చేశారని తేలితే న్యాయ సంహిత 3వ సెక్షన్ 5వ ఉపవిభాగం ప్రకారం ఒకరి పనికి అందరూ బాధ్యులే. అప్పటికప్పుడు పుట్టిన గొడవలో ఆ ఉమ్మడి ఉద్దేశం నిరూపించడం తేలిక కాదు. అల్లరి మూక కేసు అనాలంటే ఐదుగురు ఉండాలి. ఐదో మనిషిగా ఇంట్లో ఉన్న ముసలాయన పేరో, భువనేశ్వర్‌లో చదువుకుంటున్న చిన్నవాడి పేరో రాయించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి.

మీ ఆయన ముందు తోశాడని మీరు దాచకుండా రాయడం నాకు నచ్చింది. ఫిర్యాదులో కూడా దాచకండి. చేత్తో తోయడం నేరపూరిత బలప్రయోగం, దానికీ 131వ సెక్షనే: మూడు నెలలు లేదా వెయ్యి రూపాయలు. అవతలివాళ్ల ఎదురు ఫిర్యాదు దీని మీదే నిలబడుతుంది. వాళ్లు రెండు వాదనలు చేస్తారు. ఒకటి ఆత్మరక్షణ. ఆ హక్కు అందరికీ ఉంది గాని, కాపాడుకోవడానికి అవసరమైనంత వరకే. చేత్తో తోస్తే పార తిరగేయడం ఆ హద్దులో ఇముడుతుందని నేను అనుకోను. రెండోది రెచ్చగొట్టారు అన్నది. తీవ్రమైన, హఠాత్తుగా వచ్చిన రెచ్చగొట్టు వల్ల తీవ్ర గాయం చేస్తే శిక్ష ఐదేళ్లకు తగ్గుతుంది, అది 122వ సెక్షన్. గట్టు దగ్గర ఒక తోపుకి ఆ పేరు పెట్టవచ్చా అన్నది జడ్జి చూసుకుంటారు. మీరు తోపు దాస్తే, అవతలి సాక్షి దాన్ని బయటపెట్టిన రోజు మీ ఆయన మిగతా మాటల విలువ కూడా పోతుంది. ముందే మీరే చెప్పేస్తే వాళ్ల దగ్గర చెప్పడానికి కొత్తగా ఏమీ మిగలదు.

ఇప్పుడు పాతపట్నం ఎక్స్‌రే. పక్క రాష్ట్రంలో తీసింది కాబట్టి చెల్లదన్న రూలు ఎక్కడా లేదు. ఆ డాక్టరు కోర్టుకు వచ్చి గాని, వీడియో ద్వారా గాని సాక్ష్యం చెప్పవచ్చు, వీడియో సాక్ష్యానికి, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో వీలుంది. ఇబ్బంది రాష్ట్రం వల్ల కాదు, ఆ మూడు రోజుల వల్ల. ఈ మధ్యలో మీ ఆయన ఇంకెక్కడో పడి విరగ్గొట్టుకున్నాడని వాళ్లు అంటారు. దానికి జవాబు మీ ఠాణా పుస్తకంలో ఉంది. గొడవ జరిగిన సాయంత్రమే ఎడమ చెయ్యి వాచి ఉందని పోలీసుల చేతి రాతలోనే పడి ఉంటే అంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఆ నమోదు నకలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఇంకో ప్రశ్న, దీనికి నిజం చెప్పండి. పాతపట్నంలో చీటీ రాసేటప్పుడు ఎలా తగిలిందని అడిగితే ఏం చెప్పారు? పోలీసు గొడవ ఎందుకని "జారిపడ్డాడు" అనేవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు, ప్రైవేటు క్లినిక్కుల్లో అలా చెప్పమని ప్రోత్సహించేవాళ్లూ ఉన్నారు. చీటీ మీద అలా ఉంటే వకీలుకు ముందే చెప్పండి, ఎందుకలా చెప్పారో ఫిర్యాదులోనే రాయండి. చీటీని దిద్దించుకునే ప్రయత్నం మాత్రం చేయొద్దు. ఏదైనా సరే, ఆలస్యం చేయకుండా పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో చూపించి, కొట్లాటలో దెబ్బ అని చెప్పి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియాల్సిన గాయంగా, రాయించండి. అక్కడ మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. పాత ఫిల్మ్, రిపోర్టు, బిల్లు వాళ్లకు చూపించండి గాని, అసలువి వదిలేసి రావద్దు.

తర్వాత అదే ఠాణాకి వెళ్లి ఎముక సంగతి రాసి ఇవ్వండి. ఒక గొడవలో పది చిన్న నేరాలుండి ఒక్కటి కాగ్నిజబుల్ అయినా మొత్తం కేసు కాగ్నిజబుల్‌గానే చూడాలని సురక్షా సంహిత 174వ సెక్షన్ చెబుతుంది. ఎఫ్ఐఆర్ కట్టాక దాని కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. కట్టనంటే పర్లాకిమిడిలో ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. కాగ్నిజబుల్ నేరం కనిపిస్తుంటే ఎఫ్ఐఆర్ కట్టడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో తేల్చింది, ఆ పేరు ఫిర్యాదులో ఒక వాక్యంగా రాస్తే నష్టం లేదు. ఎక్స్‌రే తీసిన రోజే పాతపట్నం స్టేషన్లో కూడా ఇవ్వగలిగేవారు, నేరం వేరే చోట జరిగినా కట్టే జీరో ఎఫ్ఐఆర్ వాళ్లు కట్టి మీ ఠాణాకి పంపాల్సి ఉండేది. ఇప్పుడు ఆ చుట్టుతిరుగుడు అవసరం లేదు, కేసు నడిచేది నేరం జరిగిన చోటే.

ఎఫ్ఐఆర్ ఒడియాలో ఉంటుంది. మీరు నోటితో చెప్పింది రాసుకుంటే, రాసింది మీకు చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం. ఇంట్లో గాని పక్కింట్లో గాని ఒడియా బడిలో చదివిన పిల్లలుంటే ఒకరిని వెంట తీసుకెళ్లండి. "పార కర్రతో" అని మీరు చెప్పింది "పారతో" అని పడినా, "ఎడమ చెయ్యి" బదులు "చెయ్యి" అని పడినా రేపు కోర్టులో దాని మీద గంటసేపు ప్రశ్నలు వేస్తారు. సంతకానికి ముందు దిద్దించడానికి ఐదు నిమిషాలు పడుతుంది. మొహమాటపడొద్దు.

ఎఫ్ఐఆర్ కట్టిన మర్నాడు వాళ్లు ఊళ్లో తిరుగుతుంటే మీకు ఒళ్లు మండుతుంది, ముందే చెబుతున్నాను. 117 కింద తీవ్ర గాయం కేసు బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా దొరుకుతుంది. పైగా ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు బదులు నోటీసు ఇచ్చి పిలవడమే మామూలు పద్ధతి. వాళ్లు బయట ఉన్నారంటే పోలీసులు డబ్బు తిన్నారనీ కాదు, కేసు పోయిందనీ కాదు. మళ్లీ బెదిరిస్తే మాత్రం 112కి ఫోన్ చేయండి, ఆ తేదీ రాసి పెట్టుకోండి.

రాజీ గురించి. నేను రాజీకి వ్యతిరేకం కాదు, ఒకే గట్టు అటూ ఇటూ బతకాల్సిన మనుషులు మీరు. సింపుల్ హర్ట్ కేసును దెబ్బ తిన్నవారు కోర్టులో నేరుగా రాజీ చేసుకోవచ్చు. తీవ్ర గాయం కేసుకు కోర్టు అనుమతి కావాలి. 118 పడితే రాజీ అంత సులువు కాదు, అందుకని కూడా అనవసరంగా పెద్ద సెక్షన్ కోసం పట్టుబట్టొద్దంటాను. ఊరి పెద్దల ముందు రాసుకున్న కాగితంతో కేసు ఆగిపోదు. ఖాళీ కాగితం మీద, స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకం చేయకండి. రాజీ అంటే ఆసుపత్రి ఖర్చులు, పని పోయిన రోజుల కూలి, ముఖ్యంగా భూమి కొలిచే అమీన్‌ని పిలిచి గట్టు కొలిపించడం, ఈ మూడూ అందులో ఉండాలి. గట్టు కొలత తేలకుండా చేసుకున్న రాజీ వచ్చే పంట దాకా నిలుస్తుందని నాకు నమ్మకం లేదు.

గడువులు కూడా చూసుకోండి. ఏడాది వరకు శిక్ష ఉన్న నేరాల మీద కోర్టులో ఫిర్యాదు గాని ఠాణాలో ఎఫ్ఐఆర్ గాని ఏడాదిలోపే పడాలి. అంటే చెంపదెబ్బలు, మీ జుట్టు సంగతి, ఇవి తీవ్ర గాయం కేసుతో కలవకుండా విడిగా నడిస్తే, గొడవ జరిగిన తేదీ నుంచి ఏడాదిలో ఫిర్యాదు పడకపోతే మామూలుగా పోయినట్టే. ఏడేళ్ల నేరానికి అలాంటి గడువు లేదు గాని, సాక్షుల జ్ఞాపకానికి ఉంది.

వకీలు ఖర్చు గురించి మీరు రాయలేదు. ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, అది 1987 న్యాయ సేవా ప్రాధికార సంస్థల చట్టం ఇచ్చినది. దెబ్బ మీ ఒంటి మీద కూడా పడింది కాబట్టి మీ పేరు మీదే అడగవచ్చు. పర్లాకిమిడి కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవా ప్రాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఎక్స్‌రే ఫిల్ము, రిపోర్టు, అన్ని చీటీలు, ఠాణా నమోదు నకలు, పొలం పట్టా జిరాక్సు, సాక్షుల పేర్లు రాసిన కాగితం తీసుకెళ్లండి. ఫిల్మును మడతపెట్టకండి, ఎండ తగలనివ్వకండి.